మూడుసార్లు గ్యాస్కెట్ మార్చినా కాగిపోతున్న 1972 అంబాసిడర్: పూర్తి కేస్ స్టడీ

బండి 1972 అంబాసిడర్ మార్క్ 2, పెట్రోలు. ఓనరు నూజివీడు దగ్గర ఉండే రిటైర్డ్ హైస్కూలు మాస్టారు. వాళ్ళ నాన్నగారు కొత్తగా కొన్న కారు, ఇన్నేళ్ళలో ఇంకో చేతికి వెళ్ళలేదు. విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకి తెచ్చిన రోజు ఆయన చెప్పినవి నేను జాబ్ కార్డు మీద అలాగే రాసుకున్నాను, ఎందుకంటే కస్టమర్ మామూలుగా చెప్పే మాటల్లోనే సగం జవాబు ఉంటుందని నా నమ్మకం. "నలభై కిలోమీటర్లు పోగానే సూది ఎర్రగీత దగ్గరికి వచ్చేస్తుంది బాబూ. వేడి మీద ఆపితే మళ్ళీ సెల్ఫ్ అందుకోదు, ఎవరో వెనక్కి తన్నినట్టు టక్కున ఆగిపోతుంది. అరవై దాటితే సీటు కింద వణుకు. ఎక్సలేటర్ మీంచి కాలు తీస్తే మూడో గేరు దానంతటదే ఎగిరిపోతుంది. నిరుడు శివరాత్రికి శ్రీశైలం బయల్దేరాం, దోర్నాల దాటి ఘాట్ ఎక్కుతుండగా బానెట్లోంచి నీళ్ళు చిమ్మాయి. అక్కణ్ణుంచి లారీ వెనక కట్టించుకుని వచ్చాం."

ఘాట్‌లో శబ్దం ఏమైనా వచ్చిందా అని అడిగాను. డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్టు వచ్చిందన్నారు. ఆ ఒక్క మాట దగ్గర నేను గీత గీసుకున్నాను.

అప్పటికి రెండేళ్ళలో వేరే చోట్ల ఈ బండికి చేయని పని లేదు. కొత్త రేడియేటర్, కొత్త వాటర్ పంపు, కొత్త కాయిల్, కార్బొరేటర్ కిట్. థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వు) పీకి పారేశారు. హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకి, దాని పైన కూర్చునే హెడ్డుకి మధ్య ఉండే పొర) మూడుసార్లు మార్చారు, మార్చిన ప్రతిసారీ హెడ్డు లేత్‌కి పంపి గీయించారు, అంటే ముఖం చదును చేయించారు. చివరికి ఇంజిన్ అయిపోయింది, మార్చుకోండి అని చెప్పి పంపేశారు. హైదరాబాదులో ఉన్న మాస్టారి అబ్బాయి కూడా అదే అన్నాడు. 1990ల్లో అంబాసిడర్‌కి ఇసుజు 1800 ఇంజిన్, ఐదు గేర్ల బాక్సు వచ్చాయి కదా, ఆ సెట్టు దొరికితే వేయించేద్దాం నాన్నా అని. మాస్టారికి మనసొప్పలేదు. "బతికే దారి ఉందా లేదా నువ్వు చూసి చెప్పు. లేదంటే వాడి మాటే కానిద్దాం" అన్నారు.

మొదటి రోజు పానా పట్టలేదు

ఇలాంటి బండి వస్తే మొదటి రోజు ఏదీ విప్పను, కొలతలే తీస్తాను. ముందు ఈ ఇంజిన్ గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. ఇది బీఎంసీ బి-సిరీస్, 1489 సీసీ. బోరు 73.025 ఎంఎం, స్ట్రోకు 88.9 ఎంఎం, క్రాంక్‌కి మూడే మెయిన్ బేరింగులు. అంబాసిడర్‌కి మాతృక అయిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3లో ఉన్న వంశం, ఇంగ్లండులో ఎంజీఏ స్పోర్ట్స్ కారులో వేసిందీ ఇదే 1489. అంటే ఎక్కడో అడవిలో పుట్టిన ఇంజిన్ కాదు, దీని బలం, బలహీనత రెండూ ప్రపంచమంతా తెలిసినవే. బలహీనత ఒకటి బాగా గుర్తుంచుకోవాలి. హెడ్డులో 2, 3 సిలిండర్ల ఎగ్జాస్ట్ వాల్వులు పక్కపక్కనే ఉంటాయి, రెండింటికీ కలిపి మధ్యలో ఒకటే ఎగ్జాస్ట్ దారి. వేడంతా అక్కడే పోగవుతుంది. గ్యాస్కెట్ పోతే ముందు ఆ రెంటి మధ్యే పోతుంది.

కంప్రెషన్ చూశాను. వేడి ఇంజిన్, త్రాటిల్ పూర్తిగా తెరిచి, నాలుగు ప్లగ్గులూ తీసి. 1లో 122 పీఎస్ఐ, 2లో 68, 3లో 72, 4లో 118. తర్వాత ఒక్కో బోర్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ చూస్తే 1, 4 ఎనిమిది తొమ్మిది పెరిగాయి. 2, 3 దాదాపు కదల్లేదు. రింగులు పోయి ఉంటే ఆయిల్ పోయగానే పెరగాలి, కాబట్టి రింగుల తప్పు కాదు. ఇక మిగిలింది వాల్వులు లేదా గ్యాస్కెట్. రెండో సిలిండర్‌ని రెండు వాల్వులూ మూసుకునే చోట నిలబెట్టి, ప్లగ్గు రంధ్రంలోంచి గాలి ఎక్కించి, మూడో ప్లగ్గు రంధ్రం దగ్గర అగరుబత్తి పట్టుకున్నాం. పొగ ఠక్కున పక్కకి కొట్టుకుపోయింది. గాలి రెండులోంచి మూడులోకి పోతోంది. రేడియేటర్‌లో మాత్రం ఒక్క బుడగ లేదు. అంటే లీకు సిలిండర్ నుంచి సిలిండర్‌కే, నీళ్ళ దారిలోకి కాదు. మరి నీళ్ళు ఎందుకు కాగుతున్నాయి? గ్యాస్కెట్ ఒక్కటే రోగమైతే దీనికి సమాధానం రాదు.

అందుకని ఇన్‌ఫ్రారెడ్ గన్ తీసుకుని బ్లాకు పక్కన ముందు నుంచి వెనక్కి నాలుగు చోట్ల కొట్టాను. ఒకటో సిలిండర్ దగ్గర 78 డిగ్రీలు. నాలుగో సిలిండర్ దగ్గర 104. ఒకే బ్లాకులో ఇంత తేడా! రేడియేటర్ పై గొట్టం 82, కింద గొట్టం 66, అంటే రేడియేటర్ తన పని తాను చక్కగా చేస్తోంది. వేడి బ్లాకు వెనక భాగంలో ఇరుక్కుని రేడియేటర్ దాకా రావడమే లేదు. బ్లాకు వెనక వైపున్న డ్రైన్ ట్యాప్ తిప్పాను, ఒక్క చుక్క రాలేదు. ఇనప తీగ పెట్టి పొడిస్తే పొడి మట్టిలో గుచ్చినట్టు కరకరలాడింది.

తర్వాత టైమింగ్, అంటే పిస్టన్ పైకి చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు ప్లగ్గు నిప్పురవ్వ వేస్తోందో చూడడం. పుల్లీ మీద గుర్తుని గుడ్డిగా నమ్మకుండా, ప్లగ్గు రంధ్రంలో పిస్టన్‌ని ఆపే బోల్టు పెట్టి, రెండు వైపులా తిప్పి చూసి అసలు పైస్థానం ఎక్కడో ఖాయం చేసుకున్నాను. పుల్లీ చుట్టుకొలత కొలిచి డిగ్రీలు గీసిన టేపు అంటించి, వాక్యూమ్ గొట్టం ఊడదీసి, టైమింగ్ లైటు కొట్టాం. ఐడిల్లో 26 డిగ్రీలు. 3,000 ఆర్‌పీఎం దగ్గర 28.

ఈ రెండు అంకెలు చూడగానే మాస్టారు చెప్పినవన్నీ ఒక దారిలోకి వచ్చాయి. మంచి డెల్కో (ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్) అయితే ఐడిల్లో పది డిగ్రీల లోపు ఉండి, స్పీడు పెరిగేకొద్దీ లోపలి బరువులు విచ్చుకుని ముప్పై దాకా తీసుకెళ్ళాలి. ఇక్కడ బరువులు మొదటి నుంచే విచ్చుకుని ఉన్నాయి. హైవే మీద 3,000 దగ్గర 28 ఉంటే తప్పేమీ కాదు, అందుకే మామూలు రోడ్డు మీద పెద్దగా తెలియదు. కానీ ఘాట్‌లో మూడో గేర్లో 1,500 దగ్గర ఎక్సలేటర్ నిండా తొక్కినప్పుడు కావలసింది పదహారో పద్ధెనిమిదో, ఉన్నది 27. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మంట అంటుకుని ఎదురు కొడుతుంది. ఆ గులకరాళ్ళ శబ్దం అదే, దీన్నే నాకింగ్ అంటాం. సెల్ఫ్ వెనక్కి తన్నడమూ అదే, ఎందుకంటే సెల్ఫ్ తిప్పే నిదానపు స్పీడులో 26 డిగ్రీలంటే ఇంజిన్ వెనక్కి తిరగాలని చూస్తుంది. చెవితో విని డెల్కో తిప్పి టైమింగ్ పెట్టడం మన దగ్గర పాత అలవాటు. ఐడిల్ ఎక్కడ హుషారుగా ఉంటే అక్కడ బిగించేస్తారు, పాయింట్లు కొత్తవేస్తారు, కింద బరువుల దాకా ఎవరూ వెళ్ళరు.

విప్పాక కనిపించినవి

మర్నాడు హెడ్డు దించాం. పాత గ్యాస్కెట్ మీద 2, 3 మధ్య బియ్యపు గింజ వెడల్పున నల్లటి దారి, రాగి అంచు కాలిపోయి ఉంది. అది అందరూ చూసేదే. నేను హెడ్డు పక్కన పెట్టి బ్లాకు ముఖం శుభ్రంగా తుడిచి, స్ట్రెయిట్ ఎడ్జ్ పొడవునా పెట్టి, 2, 3 మధ్య ఫీలర్ గేజ్ దూర్చాను. 4 థౌ బ్లేడు, అంటే 0.1 ఎంఎం, ఎక్కడా పట్టకుండా సులువుగా జారిపోయింది. స్టడ్డుల చుట్టూ ఇనుము పైకి లాగి చిన్న చిన్న ఉబ్బులు వచ్చాయి. మూడుసార్లు హెడ్డే గీయించారు, బ్లాకు ముఖం ఒక్కరూ చూడలేదు! హెడ్డు అద్దంలా ఉన్నా కింద బ్లాకులో పల్లం ఉంటే గ్యాస్కెట్ ఎన్నిసార్లు వేసినా ఆ పల్లం దగ్గర పట్టు ఉండదు. నాకు నిజంగా బాధ వేసింది. ఒక పెద్దాయన పెన్షన్ డబ్బులు పెట్టి మూడుసార్లు చేయించుకున్న పని ఇది.

పైగా గీయించిన ప్రతిసారీ హెడ్డు పల్చబడి కంప్రెషన్ రేషియో (పిస్టన్ మిశ్రమాన్ని ఎన్నో వంతుకి నొక్కుతుందో ఆ లెక్క) పెరిగింది. సిరంజితో ఆయిల్ పోసి ఖాళీ మొత్తం కొలిస్తే, గ్యాస్కెట్ మందంతో కలిపి 44 సీసీ వచ్చింది. బోరు ఇదివరకే 20 థౌ పెంచి ఉంది కాబట్టి ఒక్కో సిలిండర్ 377 సీసీ, లెక్కేస్తే 9.6. ఎనిమిది చుట్టూ ఉండాల్సిన పాత ఇనప హెడ్డు ఇంజిన్‌కి 9.6, దాని మీద కదలని 27 డిగ్రీల టైమింగ్, దాని మీద మట్టి పట్టిన బ్లాకు. ఒక్కో తప్పు ఇంకో తప్పుని లాక్కొచ్చింది. గ్యాస్కెట్ పోయిందని గీశారు, గీసినందుకు నాకింగ్ పెరిగింది, నాకింగ్‌కి గ్యాస్కెట్ మళ్ళీ పోయింది.

ఇంకొకటి మెకానిక్ తమ్ముళ్ళు గమనించాలి. ఈ హెడ్డుకి 11 నట్లు. వాటిలో నాలుగు రాకర్ షాఫ్ట్ బ్రాకెట్లని కూడా పట్టి ఉంచుతాయి. రాకర్ షాఫ్ట్ తీయాలని ఆ నాలుగే వదులు చేసి మిగతా ఏడూ బిగువుగా వదిలేస్తే హెడ్డు ఒక పక్కకి మెలిపడుతుంది, గ్యాస్కెట్ దగ్గర నీళ్ళు ఊరుతాయి. తీస్తే 11 నట్లూ వరస ప్రకారం కొంచెం కొంచెంగా వదలాలి, బిగించేటప్పుడూ అంతే.

డెల్కో విప్పితే రెండు స్ప్రింగుల్లో ఒకటి లేనే లేదు. బరువులు గట్టిపడిపోయిన గ్రీజులో తెరుచుకుని అలాగే అతుక్కుని ఉన్నాయి. బ్లాకు పక్కన డమ్మీ ప్లగ్గులు (నీళ్ళ దారి రంధ్రాలకి కొట్టిన రేకు మూతలు) మూడూ కొట్టి తీశాం. వెనక ప్లగ్గు తీయగానే ఇటుక రంగు బురద ముద్దలా బయటికి వచ్చింది, స్క్రూ డ్రైవర్‌తో గీకి గీకి టీ గ్లాసు నిండా తీశాం. నాలుగో సిలిండర్ చుట్టూ సగం ఎత్తు దాకా పేరుకుపోయింది. ఏళ్ళ తరబడి బోరు నీళ్ళు పోసిన ఫలితం.

ఇంజిన్ మార్చాలా వద్దా

అబ్బాయి ఫోన్ చేశాడు. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఇసుజు 1800 మంచి ఇంజిన్, 75 హార్స్‌పవర్, అందులో సందేహం లేదు. పాతదానికి యాభై చిల్లర. కానీ ఈ బండికి నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే. పవర్ పెంచేముందు ఆపే బలం పెంచాలి, అది చేస్తే ముందు వైపు చాలా మారుతుంది. మౌంటింగులు, గేర్‌బాక్సు కింద క్రాస్ మెంబర్, జాయింట్ రాడ్డు (గేర్‌బాక్సు నుంచి వెనక చక్రాల వైపు తిరుగుడు తీసుకెళ్ళే రాడ్డు) పొడవు అన్నీ మారతాయి, స్టీరింగ్ గేరు, అంటే స్టీరింగ్ పక్కనుండే గేరు లివర్ పోయి నేల గేరు వస్తుంది. ఆర్‌సీలో ఇంజిన్ మార్పు ఎక్కించుకోవాలి. ఇంకో మాట, 50 ఏళ్ళు దాటిన బళ్ళకి 2021లో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధన తెచ్చింది. బాడీ, ఛాసిస్, ఇంజిన్ అసలు రూపంలో ఉండాలని అందులో ఉంది. మాస్టారికి ఇప్పుడు ఆ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, అది తీసుకుంటే రోజువారీ తిరగడానికి కుదరదు. కానీ రేపు మనవడికి కావాలనిపిస్తే ఆ దారి ఈరోజే మూసేయడం ఎందుకు? అసలు విషయం వీటన్నిటికన్నా చిన్నది: ఈ ఇంజిన్ పాడవలేదు, దీన్ని పాడు చేస్తున్నవి నాలుగు (డెల్కో, బ్లాకు ముఖం పల్లం, గీసి పల్చబడిన హెడ్డు, బ్లాకులో బురద), నాలుగూ దొరికాయి. అబ్బాయి కాసేపు ఆలోచించి "అయితే మీ ఇష్టం అండీ, నాన్నగారికి చెప్పండి" అన్నాడు.

నేను పెట్టుకున్న నియమం ఒకటే. చేసే అప్‌గ్రేడ్ ఏదైనా, ఒక్క పూటలో విప్పి పాత పార్టు తిరిగి పెట్టగలిగేలా ఉండాలి. వాల్వు సీట్లు మాత్రమే దీనికి మినహాయింపు.

ఇంజిన్ పని

బ్లాకు ముఖం సరి చేయాలంటే మొత్తం ఖాళీ బ్లాకు కావాలి, అందుకని ఇంజిన్ దించాం. బోర్లు కొలిస్తే ఇదివరకే 20 థౌ ఓవర్‌సైజు, అంటే 73.533 ఎంఎం. పైన అరుగుదల ఎక్కువున్న చోట 0.08. ఇంకో బోరు కొట్టించొచ్చు, షాపు వాళ్ళూ అదే సలహా ఇచ్చారు, నేను వద్దన్నాను. ఆయిల్ పోసినప్పుడు 1, 4 తొమ్మిది పాయింట్లే పెరిగాయి, వేడి మీద ఆయిల్ ప్రెషర్ ఐడిల్లో 15, పరుగులో 50 ఉంది. బ్లాకులో ఇనుము ఒకసారి తీస్తే తిరిగి రాదు, ఆ సైజు తర్వాతి తరానికి ఉండనిచ్చాం. తేలిగ్గా హోనింగ్ చేసి కొత్త రింగులు వేశాం. బిగ్ ఎండ్ బేరింగుల్లో 2, 3 పై షెల్లులు సుత్తితో కొట్టినట్టు మెరుస్తున్నాయి, నాకింగ్ అంతా అక్కడ అచ్చు పడింది. షెల్లులన్నీ మార్చాం.

బ్లాకు ముఖం పని మా ఆటోనగర్‌లోనే లేత్ బాబాయి దగ్గర చేయించా. నలభై ఏళ్ళుగా అదే పని చేస్తున్న మనిషి, మెషిన్ మీద ఎక్కించాక కూడా డయల్ గేజ్‌తో నాలుగు మూలలు చూసుకోకుండా కట్టర్ ఆనించడు. 0.15 ఎంఎం తీస్తే పల్లం పోయింది. స్టడ్డు రంధ్రాల అంచులు కొద్దిగా చాంఫర్ కొట్టించాం, మళ్ళీ ఉబ్బు పైకి రాకుండా. హెడ్డు మాత్రం పాతది పక్కన పెట్టేశాను. పాత సామాన్ల కొట్లలో మూడు రోజులు తిరిగితే, గీయని హెడ్డు ఒకటి దొరికింది, నీళ్ళ ప్రెషర్ పెట్టి పగుళ్ళు లేవని చూసుకుని తీసుకున్నాను. దానికి గట్టి ఎగ్జాస్ట్ వాల్వు సీట్లు దిగేయించాం. పాత రోజుల్లో పెట్రోలులోని సీసం ఆ సీట్లకి రక్షణగా ఉండేది, 2000లో సీసం పెట్రోలు పోయాక మెత్తటి ఇనప సీటు మీద వాల్వు కొట్టుకుంటూ కిందికి దిగిపోతుంది, టాపెట్ గ్యాప్ దానంతటదే తగ్గిపోతుంది. కొత్త కొలత మొత్తం 51 సీసీ, రేషియో 8.4. ఈరోజు బంకులో దొరికే పెట్రోలుకి ఇది హాయిగా సరిపోతుంది.

వెనక మెయిన్ దగ్గర ఆయిల్ లీకు గురించి ఒక మాట. "ఆయిల్ సీలు మార్చండి" అని చాలామంది అడుగుతారు. ఈ 1489కి అక్కడ రబ్బరు సీలే ఉండదు, క్రాంక్ మీద మరలాంటి గాడి ఉంటుంది, అది తిరుగుతూ ఆయిల్‌ని వెనక్కి లోపలికే తోస్తుంది. లోపల గాలి ఒత్తిడి పెరిగితే ఆ గాడి ఆపలేదు. టాపెట్ సైడ్ కవర్ మీది బ్రీదర్ గొట్టం చూస్తే నల్ల జిడ్డుతో బిర్రుగా మూసుకుపోయి ఉంది. డీజిల్‌లో నానబెట్టి శుభ్రం చేశాం, లీకు పూర్తిగా పోలేదు గానీ రాత్రంతా నిలబెడితే రెండు చుక్కలు, అంతే.

థర్మోస్టాట్ తిరిగి పెట్టాను. మన ఎండకి అది అక్కర్లేదనే మాట నేను ఒప్పుకోను. అది లేకపోతే నీళ్ళు సులువు దారి పట్టుకుని రేడియేటర్ వైపు పరిగెత్తిపోతాయి, పొద్దున్న ఇంజిన్ వేడెక్కడానికి ఎంతో సేపు పడుతుంది, ఆ చల్లటి పరుగులోనే బోర్లు అరిగేది, బురద పట్టేది. నీళ్ళ బదులు డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ కలిపి పోశాం. బోరు నీళ్ళు ఇక ముట్టుకోవద్దని మాస్టారికి గట్టిగా చెప్పాను.

గేరు, జాయింట్ రాడ్డు, హౌసింగ్

మూడో గేరు ఎగిరిపోతుంటే అందరూ ముందు బాక్సు విప్పుతారు. స్టీరింగ్ గేరు బళ్ళలో అది చివరి పని. మా కుర్రాణ్ణి లోపల కూర్చోబెట్టి మూడో గేరు వేయమని, నేను కింద పడుకుని బాక్సు పక్కన లివర్ ఎంత కదులుతోందో చూశాను. పైన పూర్తిగా వేసినట్టే ఉంది, కింద ముప్పాతిక భాగమే కదిలింది. మధ్యలో ఉన్న రాడ్డుల బుష్షులు అరిగి ఆ పాతిక భాగం అక్కడే తినేస్తున్నాయి. పళ్ళు సగమే పట్టుకుంటే కాలు తీయగానే జారక ఏం చేస్తుంది? దానికి తోడు గేర్‌బాక్సు వెనక మౌంటింగ్ రబ్బరు నలిగి కుంగిపోయింది, ఇంజిన్ కదిలినప్పుడల్లా బాక్సు కూడా కదిలి లివర్‌ని లాగుతోంది. బుష్షులు ఇత్తడివి చేయించాం, రబ్బరు మార్చాం. బాక్సు ఎలాగూ కిందే ఉంది కాబట్టి తెరిచి బాల్ స్ప్రింగులు మార్చాను. రెండో గేరు సింక్రో రింగు (గేరు పడేముందు పళ్ళ వేగాల్ని కలిపే రింగు) అరిగింది, కొత్తది దొరకలేదు, ఉన్నదాన్నే వేశాం. మొదటి గేరుకి ఎలాగూ సింక్రో లేదు.

బాక్సులో పోసిన ఆయిల్ చూస్తే తేనెలా ఉంది, 140 గేరాయిల్. చిక్కటి ఆయిల్ అయితే శబ్దం తగ్గుతుందని పోస్తారు. సింక్రో రింగు ఆ చిక్కటి పొరని చీల్చుకుని కోన్‌ని పట్టుకోలేదు, అందుకే గేరు మొరాయిస్తుంది. ఇదే వంశం బాక్సుకి ఎంజీబీలో ఇంజిన్ ఆయిలే పోయమని మాన్యువల్ చెబుతుంది. నేనూ 20డబ్ల్యు-50 పోశాను. వెనక హౌసింగ్ (వెనక చక్రాల మధ్యనుండే డిఫరెన్షియల్ పెట్టె) సంగతి వేరు, అక్కడ హైపాయిడ్ పళ్ళు, ఈపీ 90 తప్ప వేరేది పోయకూడదు.

క్లచ్ ప్లేటు అంచులు ఆయిల్‌తో తడిసి నల్లబడ్డాయి, బండి కదిలేటప్పుడు జర్కు అందుకే. ప్లేటు, కార్బన్ రిలీజ్ బేరింగ్ మార్చాం.

ఇక అరవై దగ్గర వణుకు. చక్రాలు బ్యాలెన్స్ చేయించారట, పోలేదట. జాయింట్ రాడ్డు దించి నేల మీద పెట్టగానే కనిపించింది. రెండు చివర్ల కొమ్ములు ఒకే వరసలో లేవు, ఒకటి కొద్దిగా తిరిగి ఉంది. మధ్యలో స్ప్లైన్ల మీద జారే జాయింటు ఉంటుంది, దాన్ని ఎప్పుడో విప్పినవాళ్ళు ఒక పన్ను పక్కకి తప్పించి బిగించారు. రెండు క్రాసులూ ఒకే వరసలో ఉంటే ముందుది తెచ్చే వేగం హెచ్చుతగ్గుల్ని వెనకది సరిచేస్తుంది. వరస తప్పితే ఆ సరిచేయడం కుదరదు, ఒక్క తిరుగుడుకి రెండు కుదుపులు వస్తాయి. తుప్పు గీకితే బాణం గుర్తులు బయటపడ్డాయి, వాటిని ఎదురెదురుగా పెట్టి, క్రాసులు రెండూ కొత్తవి వేసి, రాడ్డు బ్యాలెన్స్ చేయించాం. వెనక కట్టల (స్ప్రింగు పట్టీల) యూ బోల్టులు వదులుగా ఉంటే అవీ బిగించాం.

హౌసింగ్ మీద చెయ్యి వేయలేదు. రెండు వెనక చక్రాలూ ఒక చుట్టు తిప్పితే రాడ్డు నాలుగున్నర దాటి కొద్దిగా తిరిగింది, 4.55 రేషియో, తొమ్మిది పళ్ళ పినియన్‌కి నలభై ఒక్క పళ్ళ క్రౌన్. 5.90-15 టైర్ల మీద 80 కిలోమీటర్ల స్పీడులో ఇంజిన్ సుమారు 2,900 తిరుగుతుంది. హైవే మీద ఇంకాస్త తక్కువ తిరిగితే బావుండు అనిపిస్తుంది నిజమే, కానీ యాభై హార్స్‌పవర్‌తో నలుగురిని, సామాన్లని ఘాట్ ఎక్కించాలంటే ఈ రేషియోనే ఉండాలి.

కలిపినవి

డెల్కో బరువులు శుభ్రం చేసి, రెండు స్ప్రింగులూ జత చూసి వేసి, పాయింట్ల స్థానంలో లోపలే ఇమిడే ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పెట్టాం. బయటికి ఏమీ తెలియదు. పాత పాయింట్లు, కండెన్సర్ ఒక డబ్బాలో పెట్టి డాష్ అరలో ఉంచాను, దారిలో మాడ్యూల్ పోతే ఎక్కడి మెకానిక్ అయినా పదిహేను నిమిషాల్లో వేసేస్తాడు. మాడ్యూల్, ఆల్టర్నేటర్ వంటివి పెట్టేముందు బ్యాటరీ ఏ టెర్మినల్ బాడీకి ఎర్త్ అయిందో తప్పకుండా చూసుకోవాలి. పాత లూకాస్ వైరింగ్‌లో ప్లస్ ఎర్త్ ఉండే బళ్ళున్నాయి, తిరగేసి పెడితే ఆ క్షణమే కాలిపోతుంది. ఈ బండి మైనస్ ఎర్త్. డైనమో తీసి ఆల్టర్నేటర్ వేశాం, రాత్రి ట్రాఫిక్‌లో లైట్లు వేసుకుని నిలబడినా ఇప్పుడు బ్యాటరీ దిగిపోదు.

ఇప్పటి ఈ20 పెట్రోలు (ఇరవై శాతం ఇథనాల్ కలిసినది) పాత బండికి రెండు పనులు చేస్తుంది. ఇథనాల్ పాత రబ్బరుని ఉబ్బించి మెత్తబరుస్తుంది, అందుకని గొట్టాలన్నీ, పంపు డయాఫ్రమ్ దానికి తట్టుకునే రకం వేశాం, ట్యాంకు దించి తుప్పు కడిగాం. రెండోది, ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే జెట్టుతో మిశ్రమం పల్చబడుతుంది, పల్చబడితే వేడి. ఈ బండికి ఎస్‌యూ కార్బొరేటర్ ఉండడం అదృష్టం, కింద జెట్ నట్టు ఒక్కో పలక తిప్పుతూ సరిచేసుకోవచ్చు. పక్కనున్న పిన్నుతో కార్బొరేటర్ లోపలి పిస్టన్‌ని కొద్దిగా ఎత్తితే ఇంజిన్ ఒక్క క్షణం పెరిగి మళ్ళీ సర్దుకోవాలి. మాది పడిపోతోంది, అంటే పల్చన. రెండు పలకలు కిందికి దించితే సరిపోయింది. ఆ పిస్టన్ కదలికని నిదానించే డాష్‌పాట్‌లో ఆయిల్ చుక్క లేదు, పోశాం.

ట్రయల్

టైమింగ్ ఐడిల్లో 9, 3,000 దగ్గర 31. కంప్రెషన్ నాలుగింట్లోనూ 146 నుంచి 148. ముందు గన్నవరం దాకా, తర్వాత ఏలూరు దాకా, 500 కిలోమీటర్లు మేమే తిప్పాం. వచ్చాక చల్లారనిచ్చి హెడ్డు నట్లు మళ్ళీ టార్క్ పట్టించి, టాపెట్లు 15 థౌకి పెట్టాను. ఎనిమిది వాల్వులు కాబట్టి తొమ్మిది లెక్క పనికొస్తుంది: ఒకటో వాల్వు పూర్తిగా నొక్కుకున్నప్పుడు ఎనిమిదోది, రెండోది నొక్కుకున్నప్పుడు ఏడోది సరిచేయాలి.

తర్వాత మాస్టారిని ఎక్కించుకుని శ్రీశైలం బయల్దేరాం. దోర్నాల దాటాక అద్దాలు దించేశాను, రాతి గోడ పక్కన శబ్దం తిరిగి వినిపిస్తుంది కాబట్టి నాకింగ్ ఉంటే అక్కడ దాగదు. మూడో గేరు, ముప్పై అయిదు స్పీడు, ఎక్సలేటర్ నిండా. ఎగ్జాస్ట్ గురగుర తప్ప ఏమీ లేదు. నిరుడు నీళ్ళు చిమ్మిన వంపు దగ్గర మాస్టారే ఆపమన్నారు. బానెట్ ఎత్తి గన్ కొట్టాను, ముందు 84, వెనక 89. "ఇప్పుడు స్టార్ట్ చేయండి మాస్టారూ" అన్నాను. వేడి మీదే, రెండు తిరుగుళ్ళకి అందుకుంది. ఆయన స్టీరింగ్ మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మిగతా ఘాట్ అంతా తనే నడిపారు.

మిగిలినవి రెండున్నాయి. 85 దాటితే చిన్న అదురు ఇంకా ఉంది, అది ముందు ఎడమ టైరుది, టైర్లు పాతవి కాబట్టి వచ్చే నెల మారుస్తామన్నారు. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు కర్రుమంటుంది, పది కిలోమీటర్లు పోయాక తగ్గుతుంది. సింక్రో రింగు కోసం కోల్‌కతాలో ఇద్దరు సామాన్ల వాళ్ళకి చెప్పి ఉంచాను. దొరికిన రోజు బాక్సు మళ్ళీ దించుతాం.